చెకుముకి తుపాకీ అడుగున పేరుకునే మసి

మూతి నుంచి మందు కూరే పాత తుపాకీలో గొట్టం వెనక కొసను ఇనుప బిరడాతో మర బిగించి మూసేస్తారు. ఆ మూసిన చోటే బ్రీచ్. దానికి కాస్త ముందు, గొట్టం పక్కన సన్నని రంధ్రం ఉంటుంది. చెకుముకి రాయి ఉక్కు రేకును గీస్తే రాలిన నిప్పు రవ్వకు రంధ్రం పక్కనున్న చిన్న పళ్లెంలోని రంజకం, అంటే నిప్పు అందించే కొద్దిపాటి మందు, అంటుకుంటుంది. ఆ మంట ఈ రంధ్రం గుండా లోపలి మందును చేరాలి. రంధ్రం పూడితే పళ్లెంలో భగ్గుమంటుంది, గుండు మాత్రం కదలదు.

పూడ్చేది మందే. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపిన నల్లమందు కాలాక, దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో ముఖ్యమైనది పొటాషియం కార్బొనేట్. పూర్వం గిన్నెలు తోమిన కట్టెల బూడిదలో ఉండే క్షారమూ ఇదే. గాలిలోని తేమను పీల్చుకుని చెమర్చడం దీని గుణం. దానికి తోడు పొటాషియం సల్ఫేట్, కాస్త సల్ఫైడ్. ఈ తడి మసి ఇనుమును అంటిపెట్టుకుని ఉంటే తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం అక్కర్లేదు.

ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం చేయించిన ఇండియా ప్యాటర్న్ మస్కెట్‌ను, అంటే ఇలాంటి చెకుముకి తుపాకీనే, 1790లలో బ్రిటిష్ సైన్యమూ తీసుకుంది. దాని గొట్టం లోపలి వ్యాసం దాదాపు 19 మి.మీ., గుండుది 17.5 మి.మీ. ఆ సందు వల్ల గురి దెబ్బతినేది, కానీ గోడలకు మసి పట్టాక కూడా గుండు దిగేది. కొత్తగా దిగే ప్రతి గుండూ, దానితో పాటు కూరే తూటా కాగితమూ ఆ మసిని కొంత అడుగుకు నెడతాయి. బిరడా ముఖం గొట్టం గోడను కలిసే మూలలో అది గట్టిపడుతుంది.

శుభ్రం చేసే ముందు ఒక పని తప్పనిసరి. కూరే కడ్డీని లోపలికి జార్చి మూతి దగ్గర గుర్తు పెట్టి, బయట గొట్టం పక్కన ఆనించి చూడాలి. కొస రంజకపు రంధ్రం దాకా రాకుండా ముందే ఆగితే లోపల ఏదో ఉంది. పాత మందు ఎన్నేళ్లయినా పేలగలదు కనుక దాన్ని తెలిసినవారికే వదిలేయాలి.

ఖాళీ అని తేలితే కావలసింది నీళ్లే. ఈ లవణాలు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. మసి మీదే యంత్రాల నూనె పోస్తే జిగురుముద్ద తయారవుతుంది. చెకుముకి యంత్రాన్ని ముందే విప్పి పక్కన పెట్టి, రంధ్రానికి పుల్ల బిగించి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లు పోసి కదిపి వంచేయాలి. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అది సల్ఫైడ్ పని. ఆ తర్వాత చదునైన కొస ఉన్న గోకుడు కడ్డీని అడుగుకు ఆనించి తిప్పాలి. గుండ్రని కొస ఆ మూలను అందుకోలేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే వరస. రంధ్రాన్ని సన్నని తీగతో పొడవాలి, తొలిచి పెద్దది చేయకూడదు.

బిరడా విప్పి చూడాలని చేతులు దురద పెడతాయి. నన్నడిగితే వద్దంటాను. మాటిమాటికీ విప్పితే మర అరుగుతుంది, పేలుడు ఒత్తిడిని ఆపేది ఆ మరే.

పొడి గుడ్డలతో తేమంతా తీసి, పలచగా నూనె రాసి, కారే నూనె రంధ్రం వైపు చేరకుండా మూతి కిందికి ఉండేలా నిలబెట్టాలి. మర్నాడు తెల్ల గుడ్డను అడుగుదాకా దింపి తీసినప్పుడు గోధుమరంగు మరక కనిపిస్తే, మళ్లీ నీళ్లు కాచుకోవాల్సిందే.