రగ్బీ ఆడతామంటున్న మనవలకి

విశాఖపట్నం

చిరంజీవులు పెద్దదానికీ, చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు మా క్లబ్బులో రగ్బీ ఆడతామని మీరిద్దరూ పట్టుబట్టారట, మొన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూసినప్పటి నుంచి ఇదే గోలట. మీ అమ్మకేమో టెన్షన్. "అది కొట్టుకునే ఆట కదమ్మా, నర్సుగా చేసినదానివి, నువ్వెలా ఒప్పుకుంటావు?" అని నన్ను నిలదీసింది. ఫోన్లో చెబితే సగం వినరు, విన్నది మర్చిపోతారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీరు చదివాక అమ్మ చేత కూడా చదివించండి.

ముందు మా క్లబ్బు గురించి. టీవీలో చూసినట్టు ఊహించుకోకండి. సొంత గ్రౌండు లేదు. ఒక ఫుట్‌బాల్ గ్రౌండులో క్రికెట్ కుర్రాళ్ళూ, వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళూ పోగా మిగిలిన జాగాలో ఆడుకుంటారు. రగ్బీ గోల్‌పోస్టు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. రెండు స్తంభాల మధ్య 5.6 మీటర్లు, అడ్డకర్ర నేల నుంచి 3 మీటర్ల ఎత్తు. మావాళ్ళు మ్యాచ్ రోజున వెదురు బొంగులు పాతి తాళ్ళతో కడతారు. అడుగున పాత పరుపు ముక్కలు చుట్టి, పైన గోనెపట్టా బిగిస్తారు. ఆ పరుపు ముక్కలు లేకుండా ఆట మొదలుపెట్టనివ్వను. అందరూ నన్ను సిస్టరమ్మ అంటారు. కోచ్ మాట వినని వాడు కూడా నా మాట వింటాడు, ఐస్ డబ్బా నా దగ్గరుంటుంది కాబట్టి.

ఆట సంగతి టూకీగా చెబుతాను. బంతి పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది, నేల మీద పడితే ఎటు ఎగురుతుందో తెలీదు. చేత్తో పట్టుకుని ఎంత దూరమైనా పరుగెత్తొచ్చు. పాస్ ఇస్తే మాత్రం పక్కకో వెనక్కో ఇవ్వాలి, ముందుకు ఇవ్వకూడదు. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. తర్వాత పోస్టుల మధ్య నుంచి తన్నితే ఇంకో 2. అవతలివాళ్ళు తప్పు చేస్తే మనకిచ్చే పెనాల్టీ కిక్‌కి 3. అసలు ఆటకి జట్టుకి 15 మంది, 80 నిమిషాలు. 15 మందిని ఒకేసారి గ్రౌండుకి రప్పించడం మావల్ల అయ్యే పని కాదు. అందుకే ఎక్కువగా సెవెన్స్ ఆడతారు. ఏడుగురు, సగానికి 7 నిమిషాలు. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది అదే. 14 నిమిషాలేగా అనుకుంటారేమో, మన విశాఖ ఉక్కపోతలో రెండో నిమిషానికే నాలుక బయటికొస్తుంది.

ఇక మీ అమ్మ అడిగినదానికి వస్తాను.

జూన్‌లో సీజను మొదలైతే కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి వారాల్లో బంతే ఇవ్వరు. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి ఇసకలో పడటం నేర్పిస్తారు. (ఇసక వరకే. నీళ్ళలో దిగితే నేనే ఇంటికి పంపేస్తాను. ఆ ఒడ్డున అలల లాగుడు సంగతి తెలియక ఎంతమంది పోయారో ఇక్కడివాళ్ళకి తెలుసు.) పడబోతున్నప్పుడు ఎవరికైనా చెయ్యి చాచబుద్ధేస్తుంది. అలా చాచిన చేతి మీద ఒంటి బరువంతా పడితే మణికట్టు విరుగుతుంది, లేదా దెబ్బ పైకి పాకి కాలర్ బోన్ విరుగుతుంది. నా ఉద్యోగంలో స్కూటర్ మీంచి పడి ఇలా వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో! అందుకని బంతిని రెండు చేతులతో పొట్టకి హత్తుకోవాలి, గడ్డం ఛాతీకి ఆనించాలి, ఒళ్ళు కాస్త పక్కకి తిప్పి ముందు తుంటి, తర్వాత పక్కటెముకల వైపు, తర్వాత భుజం నేలకి తగిలేట్టు పడాలి. చెయ్యి చాచే బుద్ధి మానడానికే కొందరికి నెల పడుతుంది.

తర్వాత ట్యాకిల్, అంటే అవతలివాడిని పట్టుకుని కింద పడెయ్యడం. బంతి పట్టుకున్నవాడినే ఆపాలి, బంతి లేనివాడిని ముట్టుకోకూడదు. భుజాల గీత కంటే పైన పట్టుకోకూడదు. గాల్లోకి ఎగిరినవాడి జోలికి పోకూడదు. ఎత్తి తలకిందులుగా పడెయ్యడం ఘోరమైన తప్పు. ఊరికే భుజంతో గుద్ది వదిలేసినా తప్పే, రెండు చేతులూ చుట్టాలి. అన్నిటికంటే ముఖ్యం మన తల ఎక్కడుందన్నది. కళ్ళు తెరిచి, తల పైకెత్తి, మన చెంప వాడి పిర్ర పక్కకి వచ్చేలా పెట్టాలి. నవ్వకండి, ప్రపంచమంతా కోచ్‌లు ఇలాగే నేర్పుతారు. తల వాడి ముందుకి వచ్చిందంటే వాడి మోకాలికీ మన తలకీ పెళ్ళే.

ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకి కబడ్డీ పట్టు పుట్టుకతోనే వస్తుంది, అది వీళ్ళకి పెద్ద ఆస్తి. కాలి మడమ దొరికిందంటే వదలరు. చిక్కు కూడా అక్కడే. కబడ్డీలో పట్టుకున్నవాడిని గీత దాటనివ్వకుండా బిగబట్టి ఉంచాలి. రగ్బీలో వాడు నేలకి చేరిన మరుక్షణం వదిలేసి పక్కకి దొర్లిపోవాలి. కింద పడ్డవాడూ బంతిని వదిలెయ్యాలి. భీమిలి వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు పోయిన సీజన్లో మంచి మంచి ట్యాకిళ్ళు చేసి, వదలకుండా పట్టుకునే ఉండి, పెనాల్టీల మీద పెనాల్టీలు ఇచ్చాడు. కోచ్ గ్రౌండు పక్క గీత దగ్గర నుంచి "వదల్రా బాబూ, వదులు!" అని అరిచే అరుపుకి వాకింగ్ పెద్దాయనలు ఆగి చూసేవారు.

జులై నుంచి వానలు. బురదలో దెబ్బలు తక్కువ, చర్మం గీరుకోవడాలు ఎక్కువ. డెటాల్ నీళ్ళు, దూది, కేకలు. అక్టోబరు వచ్చిందంటే తుపాన్ల భయం, వారాల తరబడి గ్రౌండులో నీళ్ళు. మ్యాచ్‌లన్నీ డిసెంబరు తర్వాతే. అందుకే ఏడాదిలో ఆడేది తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. పోయినసారి గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ, దాని గురించి రాయడానికేం లేదు.

ఒక్క మ్యాచ్ మాత్రం చెప్పాలి. ఒడిశా వైపు నుంచి వచ్చిన జట్టుతో ఆడుతున్నారు. గాజువాక కుర్రాడు ఒకడు, మా జట్టులో అందరికంటే చురుకైనవాడు, ట్యాకిల్ చేస్తూ కిందపడ్డాడు. వెంటనే లేచాడు. రక్తం లేదు, స్పృహ తప్పలేదు. కానీ లేచినవాడు రెండడుగులు వేసి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు. నేను చెయ్యెత్తాను, రిఫరీ ఆట ఆపాడు. దగ్గరికెళ్ళి అడిగాను: "ఏ గ్రౌండులో ఉన్నాం నాన్నా?" చెప్పాడు. "ఇది మొదటి సగమా, రెండోదా?" ఆలోచించాడు. "ఆఖరి ట్రై ఎవరు కొట్టారు?" నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఏటీ అవ్వలేదు సిస్టరమ్మా, బానే ఉన్నాను" అన్నాడు. ఆఖరి ట్రై కొట్టింది వాడే.

నేను అడిగినవి ఊసుపోక అడిగిన ప్రశ్నలు కావు. ఆటల్లో తలకి దెబ్బ తగిలిందేమోనని అనుమానం వస్తే ఇలాంటివే అడగాలని వైద్యులు చెబుతారు. పేరు, ఊరు ఎవడైనా చెప్పగలడు, ఇప్పుడే జరిగింది చెప్పలేకపోతేనే భయం. దీన్ని కంకషన్ అంటారు. మెదడు పుర్రె లోపల కుదుపుకి లోనవుతుంది. తలకే తగలాలని లేదు, ఒంటికి గట్టిగా తగిలినా తల విసురుగా ఊగి ఇలా కావచ్చు. చాలామందికి స్పృహ పోదు కూడా. రగ్బీ వాళ్ళకి దీని మీద కచ్చితమైన నియమం ఉంది. అనుమానం వస్తే చాలు బయటికి తియ్యాలి, ఆ రోజు మళ్ళీ లోపలికి పంపకూడదు. ఐదు నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగి వెళ్తానంటే కుదరదు. మెత్తటి టోపీ పెట్టుకుంటే ఇది రాదనుకుంటారు కొందరు. ఆ టోపీ చెవులని, చర్మాన్ని కాపాడుతుందంతే.

వాణ్ణి బయట కూర్చోబెట్టాను. మార్చడానికి మాకు మిగిలింది అప్పుడే నేర్చుకుంటున్న పిల్లాడు. ఓడిపోయాం. వాడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, తలనొప్పి పూర్తిగా తగ్గేదాకా ఫోను చూడనివ్వకుండా వాళ్ళమ్మకి చెప్పి కట్టడి చేసింది కూడా నేనే కాబట్టి ఆ కోపం న్యాయమే. కొన్ని వారాల తర్వాత ముందు నడక, తర్వాత పరుగు, తర్వాత బంతి, అన్నిటికంటే చివర ట్యాకిల్, అలా మెట్టు మెట్టుగా మళ్ళీ ఆటలోకి వచ్చాడు.

ఆ ఒడిశా పిల్లల ఆట చూస్తే ముచ్చటేస్తుంది. మనకి దాదాపు 440 కిలోమీటర్ల దూరంలో భువనేశ్వర్ ఉందిగా, అక్కడి కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే గిరిజన పిల్లలు 2007లో లండన్ వెళ్ళి అండర్-14 టోర్నమెంటు గెలిచొచ్చారు. పెద్దదానా, నీకోసం ఇంకొకటి. మన దేశం ఆడపిల్లల 15 మంది జట్టు 2019లో మనీలాలో సింగపూర్ మీద 21-19తో గెలిచింది. ఆ రకం ఆటలో వాళ్ళకి అదే మొదటి అంతర్జాతీయ విజయం.

ఇంకో సంగతి మీకు ఇప్పుడు పూర్తిగా అర్థం కాకపోయినా రాస్తాను. మా క్లబ్బులో ఎవరికీ జీతం లేదు, కోచ్‌కి కూడా. జట్టులో ఒకడు ఫిషింగ్ హార్బరులో ఐసు మోస్తాడు, ఒకడు బండి మీద భోజనాలు డెలివరీ చేస్తాడు. ఆదివారం మ్యాచ్‌కి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. పై ఊరు వెళ్తే రెండ్రోజులది. కూలి పోయినవాళ్ళకి తలా కొంత వేసుకుని ఇద్దామని నేనంటే, "ఆటకి డబ్బులేంటండీ, ఇష్టం ఉన్నవాడు ఆడతాడు" అన్నారు కొందరు పెద్దమనుషులు. అన్నవాళ్ళందరికీ నెల జీతాలున్నాయి.

ఈ తగువు కొత్తది కాదు. ఇంగ్లండులో ఉత్తరాది జట్లలో మిల్లు పనివాళ్ళూ, బొగ్గు గనుల వాళ్ళూ ఉండేవారు. శనివారం ఆడితే కూలి పోయేది, ఆ కూలి మేం ఇస్తామని వాళ్ళ క్లబ్బులు అడిగాయి. ఆటని శుద్ధంగా ఉంచాలని, రగ్బీని నడిపించే దొరలు కాదన్నారు. 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డులో ఒక హోటల్లో కూర్చుని ఆ క్లబ్బులు విడిపోయాయి. రగ్బీ లీగ్ అనే వేరే ఆట పుట్టింది అలాగే. విడిపోనివాళ్ళు ఆటగాళ్ళకి డబ్బిచ్చుకోవచ్చని ఒప్పుకున్నది 1995 ఆగస్టులో, సరిగ్గా వందేళ్ళకి! నేను మిల్లు పనివాళ్ళ పక్షం. చివరికి మావాళ్ళు ఒక డబ్బా పెట్టారు. ఇవ్వగలిగినవాళ్ళు వేస్తారు, కూలి పోయినవాడు కోచ్‌కి చెప్పి తీసుకుంటాడు, ఎవరు తీసుకున్నారని మిగతావాళ్ళు అడగరు.

మీకు నచ్చే కథ కూడా ఒకటి చెబుతాను. 1870ల్లో కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళు ఒక రగ్బీ క్లబ్బు పెట్టారు. అక్కడి ఎండకి సభ్యులు తగ్గిపోయారు, ఉచితంగా తాగడానికి ఇచ్చే పానీయాలు ఆపాక ఇంకా తగ్గారు. క్లబ్బు మూసేస్తూ బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు, 270, తీయించి కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు దానికోసమే ఆడుతున్నాయి. కలకత్తా కప్పు అంటారు. ఆ రూపాయలు మాత్రం మన దేశానివే.

సరే, మీ సంగతి. చిన్నోడా, నీకు ట్యాకిల్ లేదు. పన్నెండేళ్ళు దాటనివాళ్ళని మా క్లబ్బు ట్యాకిల్‌కి దింపదు, దింపుతానన్నా నేను ఊరుకోను. నడుముకి బెల్టు కట్టి రెండు వైపులా గుడ్డ పట్టీలు తగిలిస్తారు. పట్టీ లాగితే ట్యాకిల్ చేసినట్టే. ట్యాగ్ రగ్బీ అంటారు. నీ బంతి 4వ సైజుది, పెద్దవాళ్ళదాని కంటే చిన్నది. పెద్దదానా, నువ్వు ఇసకలో పడటం నేర్చుకుని కోచ్ సరేనన్నాకే ట్యాకిల్‌కి. రెండు వారాల సెలవులో అది కాకపోతే వేసవిలో చూద్దాం, అలగకు.

రిఫరీతో కెప్టెను తప్ప ఎవరూ వాదించకూడదు, ఆయన్ని సార్ అనాలి. వాదిస్తే పెనాల్టీ ఇంకో పది మీటర్లు ముందుకి జరుగుతుంది. చిన్నోడా, ఇది నీకోసమే రాశాను.

స్పైకులు కొనకండి, మామూలు బూట్లు చాలు. గోళ్ళు కత్తిరించుకుని రండి, అక్క చెవులకున్నవి ఇంట్లో పెట్టి రావాలి. పళ్ళని కాపాడే మౌత్‌గార్డులు ఇక్కడ కొందాం. వేడినీళ్ళలో మెత్తబరిచి పళ్ళతో కొరికి అచ్చు తీసుకోవాలి, అది నేను దగ్గరుండి చేయిస్తాను. ఒక పొడి ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ కూడా నా దగ్గరుంది, రంగునీళ్ళ సీసాలు మోసుకురాకండి. అమ్మా నాన్నా ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం కావాలి, మీకున్న ఎలర్జీలు, వేసుకునే మందులు అందులో రాయించండి. చిన్నోడి ఇన్‌హేలర్ ఎక్స్‌పైరీ తేదీ చూసి మరీ సర్దమని అమ్మకి చెప్పండి. టికెట్లు ఖాయమయ్యాక ఏ రైలో చెబితే స్టేషనుకి తాతయ్య వస్తారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ