మెగ్నీషియా-సిలికా సిమెంట్ క్యూరింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెగ్నీషియా సిమెంట్‌కి నీళ్లు పడవు, గాలికి ఆరబెడితే చాలు.

ఎవరు పుట్టించారోగానీ, టెస్టుకు పోసిన క్యూబులు ఎక్కువగా పాడయ్యేది ఈ మాట వల్లే. గాలికి గట్టిపడేదీ, నీళ్లలో నానితే బలం పోయేదీ సోరెల్ సిమెంట్, అంటే మెగ్నీషియం ఆక్సీక్లోరైడ్. దాని పద్ధతి దీనికి వాడటమంటే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే. మెగ్నీషియా-సిలికా సిమెంట్‌లో మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) నీటితో కలిసి బ్రూసైట్ (మెగ్నీషియం హైడ్రాక్సైడ్) కావాలి, సిలికా ఫ్యూమ్ (అతి మెత్తని సిలికా పొడి) కరగాలి, ఆపైన మెగ్నీషియం సిలికేట్ హైడ్రేట్ జెల్ కట్టాలి. బలమంతా ఆ జెల్‌దే. 100 గ్రాముల మెగ్నీషియా బ్రూసైట్‌గా మారడానికే దాదాపు 45 గ్రాముల నీరు పోతుంది. తేమ ఎగిరిపోయిందా, రియాక్షన్ అక్కడితో సరి. వేలితో రుద్దితే పైపొర పిండిలా రాలుతుంది.

అందుకని పోసిన వెంటనే అచ్చుమీద పాలిథిన్ షీట్ కప్పండి. 24 గంటలకు అంచులు ఇంకా మెత్తగా ఉంటే మరో రోజు ఆగండి. అచ్చు విప్పాక క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి, తడిగుడ్డతో కలిపి జిప్ కవర్లో పెట్టండి. చుట్టేముందు, టెస్టుకు ముందు తూకం వేయండి. బరువు తగ్గిందంటే సీలు సరిగా లేనట్టే. సిలికా ఫ్యూమ్ నీరు తాగేస్తోందని ఇంకా నీళ్లు పోయకండి. బదులుగా, మిక్స్ జారుగా కావడానికి పొడి బరువులో 1 శాతం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌ను కలిపే నీటిలో ముందే కరిగించండి.

అపోహ: 28 రోజులకు బలం రాకపోతే మిక్స్ పనికిరాదు.

థీసిస్ గడువు ముంచుకొస్తుంటే 7 రోజుల రిజల్ట్ చూసి గుండె జారడం సహజమే. కంగారు పడకండి. గది వేడిమిలో ఈ రియాక్షన్ వారాలు, నెలల తరబడి సాగుతుంది. 56, 90 రోజులకూ క్యూబులు దాచండి. టీజీఏలో (వేడి పెంచుతూ బరువు తగ్గడాన్ని కొలిచే పరీక్షలో) 350-450 డిగ్రీల దగ్గర బరువు గట్టిగా తగ్గితే బ్రూసైట్ ఇంకా మిగిలి ఉన్నట్టు. కరగాల్సిన సిలికా కూడా ఉంటే, బలం ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఓవెన్‌లో పెడితే త్వరగా బలం వస్తుంది.

50 డిగ్రీల్లో జెల్ త్వరగా కడుతుంది, నిజమే. సీలు చేసి పెడితేనే. విప్పి పెడితే అది క్యూరింగ్ కాదు, ఎండబెట్టడం.

అపోహ: ఏ మెగ్నీషియా అయినా ఒకటే.

కొలిమి ఇటుకలకు వాడే డెడ్-బర్న్‌డ్ రకం (చాలా ఎక్కువ వేడిలో కాల్చినది) వద్దు. 700-1000 డిగ్రీల మధ్య కాల్చిన రియాక్టివ్ రకమే అడగండి. బాగా కాలిన గింజ ఆలస్యంగా నీరు పట్టి రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ పగుళ్లను ఏ క్యూరింగూ ఆపలేదు.

అపోహ: ఫినాఫ్తలీన్ రంగు రాలేదంటే కార్బొనేషన్ అయిపోయినట్టే.

ఫినాఫ్తలీన్ క్షారత్వం ఎక్కువున్న చోట గులాబీ రంగు చూపే ద్రావణం. కార్బొనేషన్ అంటే సిమెంట్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలవడం. కానీ బ్రూసైట్ ఖర్చయ్యే కొద్దీ కూడా పీహెచ్ (క్షారత్వపు కొలత) 10 కిందికి దిగుతుంది, రంగు తేలిపోతుంది. అది జెల్ కట్టిన గుర్తు కూడా కావచ్చు. అంత తక్కువ పీహెచ్‌లో మామూలు స్టీలుకు తుప్పు నుంచి రక్షణ ఉండదు. ఇందులో రీబార్ (స్టీలు కడ్డీలు) వేయొద్దు.