పుట్టిన సంవత్సరానికి పేరు పెట్టిన కథ

బూమర్, జెన్ ఎక్స్, మిలీనియల్, జెన్ జీ: పుట్టిన సంవత్సరాన్ని బట్టి తరాలకు పెట్టిన పేర్లు, పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా. ఆఫీసుల్లో ఈ మాటలు ఎంత మామూలైపోయాయంటే, ఒకరి పని తీరు నచ్చకపోతే ముందు వాళ్లు ఏ సంవత్సరంలో పుట్టారో చూస్తున్నారు. రాత్రి పెట్టిన మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదా, జెన్ జీ కదా అంటారు. ప్రతిదానికీ మీటింగ్ పెడుతున్నారా, బూమర్ అంతే అంటారు. నేను పనిచేసిన ఒక చోట మేనేజర్లకు శిక్షణ అని పిలిచి నాలుగు గడుల పట్టిక చేతిలో పెట్టారు: ఏ తరానికి ఏది ఇష్టం, ఎవరిని ఎలా మెచ్చుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరికి మెసేజ్ పెట్టాలి. అందులో నా గడి కూడా ఉంది. అక్కడ రాసినవాటిలో సగం నాకు వర్తించవు, మిగతా సగం నా పక్కన కూర్చున్న ఆవిడకు కూడా వర్తిస్తాయి, ఆవిడ వేరే గడి. ఈ గడులు ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పడుచువాళ్ల మీద పెద్దవాళ్ల ఫిర్యాదు పాతదే. పిల్లలు సుఖాలకు మరిగారు, పెద్దల్ని లెక్కచేయరు అని సోక్రటీసు అన్నట్టు ఒక మాట తిరుగుతూ ఉంటుంది, అది సోక్రటీసు మాట కాదు. కేంబ్రిడ్జి విద్యార్థి ఒకరు ప్రాచీన గ్రీకు చదువుల మీద పరిశోధన చేస్తూ అప్పటి ఫిర్యాదులన్నిటినీ కలిపి సొంత మాటల్లో రాసుకున్న సారాంశం అది, 1907లో అచ్చయింది. అరిస్టాటిల్ మాత్రం నిజంగానే రాశాడు: వయసులో ఉన్నవాళ్లు అన్నీ తమకు తెలుసనుకుంటారు, ముసలివాళ్లు ఏదీ గట్టిగా చెప్పరు, ‘బహుశా’ అంటారు. కానీ అతను చెప్పింది వయసు గురించి, తరం గురించి కాదు. ఇవాళ ఇరవై ఏళ్ల మనిషి రేపు అరవైకి వస్తాడు, అప్పుడు అతనూ ‘బహుశా’ అంటాడు. ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే సగం గొడవ మొదలవుతుంది.

తరం అంటే వయసు కాదు, పెరిగిన పరిస్థితి అని పట్టుకున్న తొలి మనుషుల్లో ఒకడు అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్. 1377లో రాశాడు, రాజవంశాలు సాధారణంగా మూడు తరాలకు మించి నిలవవని, తరానికి నలభై ఏళ్ల లెక్కన. మొదటి తరం ఎడారి కష్టంలో ఒకరినొకరు పట్టుకుని బతికింది, రెండో తరం ఆ కష్టాన్ని కొంత చూసింది కాబట్టి కొంత గుర్తుంచుకుంది, మూడో తరం పట్నం సుఖంలోనే కళ్లు తెరిచింది కాబట్టి ఆ కట్టుబాటు దానికి ఊహకు కూడా అందదు. తప్పు మూడో తరం రక్తంలో లేదు, వాళ్లు పెరిగిన చోటులో ఉంది. ఆరువందల యాభై ఏళ్ల కిందటి ఈ చూపు నాకు ఆ నాలుగు గడుల పట్టిక కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

అయినా చాలా కాలం పనిలో తరాల తేడా అనేది పెద్ద సమస్య కాలేదు. తండ్రి చేసిన పనే కొడుకు చేసేవాడు, తల్లి దగ్గర చూసిందే కూతురు నేర్చుకునేది, పాతికేళ్ల అనుభవం అంటే ఆ పాతికేళ్లూ పనికొచ్చే అనుభవమే. ఫ్యాక్టరీ వచ్చి దీన్ని విరగ్గొట్టింది. సూర్యుణ్ణి చూసి, పంటను చూసి పనిచేసిన మనుషుల పిల్లలు గంట మోగితే లోపలికి, గంట మోగితే బయటికి వెళ్లడం నేర్చుకున్నారు. మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1970లో ఈ మార్పునే మూడు రకాలుగా విడదీసింది. పిల్లలు పెద్దల దగ్గర నేర్చుకునే సమాజాలు, తోటివాళ్ల దగ్గర నేర్చుకునే సమాజాలు, చివరికి పెద్దలే పిల్లల దగ్గర నేర్చుకోవాల్సిన సమాజాలు. ఇంటర్నెట్ జనంలోకి రావడానికి రెండు దశాబ్దాల ముందు చెప్పిన మాట ఇది.

తరాన్ని శాస్త్రంగా చూసింది సమాజ శాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్, 1928లో, జర్మన్ భాషలో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లు, కందకాల్లోంచి తిరిగొచ్చిన కుర్రవాళ్లకూ ఇంట్లో ఉండిపోయిన తండ్రులకూ మాట కలవని రోజులవి. ఆయన చెప్పిందేమిటంటే, ఒకే ఏడు పుట్టినంత మాత్రాన ఒక తరం అయిపోరు. 1800 ప్రాంతంలో చైనాలో ఉన్న కుర్రవాడికీ జర్మనీలో ఉన్న కుర్రవాడికీ ఏం సంబంధం? ఒకే దేశంలో అయినా పట్నంలో కల్లోలం నడుస్తుంటే దాని గాలి తగలని మారుమూల రైతుబిడ్డ ఆ తరంలో చేరడు. పోనీ ఒకే కల్లోలాన్ని ఒకే వయసులో చూసినా, ఒక గుంపు దానికి ఒకలా స్పందిస్తుంది, ఇంకో గుంపు సరిగ్గా ఎదురు తిరుగుతుంది, రెండూ ఒకే తరమే. అంటే తరం అనే ఆలోచన పుట్టినప్పుడే దానితో పాటు ఇన్ని షరతులు పుట్టాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆలోచనను తీసుకుని షరతుల్ని వదిలేశారు.

వదిలేయడానికి కారణం లెక్కలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ప్రసవాలు ఒక్కసారిగా పెరిగాయి. 1945లో 29 లక్షల లోపు పుడితే మరుసటి ఏడు 34 లక్షలు, 1954 నుంచి 1964 దాకా ఏటా 40 లక్షలకు పైనే. 1946-64 మధ్య పుట్టినవాళ్లు మొత్తం సుమారు 7.6 కోట్ల మంది. ఆ పిల్లలకు బడులు చాలలేదు, తర్వాత కాలేజీలు చాలలేదు, తర్వాత ఉద్యోగాల్లో తొక్కిసలాట. బూమర్ల పేరుకు మూలమైన ఈ బేబీ బూమ్ నిజంగా జరిగింది, దాని మొదలు తుది జననాల పట్టికలో కనిపిస్తాయి. ఆ తర్వాతి పేర్లకు అలాంటి ఆధారం లేదు. జెన్ ఎక్స్ అనే పేరు 1991లో ఒక నవలతో జనంలో పాతుకుపోయింది. అదే ఏడు విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు అమెరికా చరిత్రనంతా తరాలుగా కోసి చూపించి, 1982 నుంచి పుట్టినవాళ్లకు మిలీనియల్ అని పేరు పెట్టారు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కలో మాత్రం మిలీనియల్స్ 1981లో మొదలై 1996లో ముగుస్తారు. 1997లో పుడితే జెన్ జీ. డిసెంబరు 31న పుట్టిన అక్కకూ జనవరి 1న పుట్టిన పక్కింటి పిల్లకూ పని విలువలు ఎలా మారతాయో ఏ పట్టికా చెప్పదు. కానీ సంస్థలకు ఇది సులువు, శిక్షణ ఇచ్చేవాళ్లకు ఇంకా సులువు, సరుకు అమ్మేవాళ్లకు మరీ సులువు.

మరి తేడాలే లేవా? ఉన్నాయి. నేను వాటిని కొట్టిపారేయడం లేదు. తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే నా పేచీ. నాకు అర్థమైనంతలో, మనిషి పని మీద పెట్టుకునే నమ్మకం వాళ్లు మొదటి ఉద్యోగంలో అడుగుపెట్టిన రోజుల్లో ఎదురైన షరతుల్ని బట్టి చాలావరకు తయారవుతుంది.

విధేయత సంగతే తీసుకోండి. పాతవాళ్లు ఒకే కంపెనీలో ముప్పై ఏళ్లు చేశారు, ఇప్పటివాళ్లు రెండేళ్లకే మారిపోతారు అంటారు కదా. అమెరికాలో పెద్ద కంపెనీల పింఛను ఒకప్పుడు ఎన్నేళ్లు పనిచేశారన్న దాన్ని బట్టి లెక్కగట్టేవారు, మధ్యలో వెళ్తే నష్టం మీదే. 1978లో వచ్చిన ఒక పన్ను చట్టంలోని చిన్న క్లాజుతో కథ మారింది. 401(కె) అని పిలిచే ఆ పద్ధతిలో ఉద్యోగి పేరు మీద ఖాతా ఉంటుంది, కంపెనీ మారితే ఖాతా వెంట వస్తుంది, మార్కెట్ పడితే నష్టం కూడా ఉద్యోగిదే. 1980ల నుంచి కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ఇటు మళ్లాయి. ఉండిపోయినందుకు ఇచ్చే ప్రతిఫలాన్ని తీసేసి, తర్వాత వచ్చినవాళ్లు ఉండిపోవడం లేదని తప్పుపట్టడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

జపాన్ కథ ఇంకా బాధాకరం. అక్కడి పెద్ద కంపెనీలు చదువు ముగించినవాళ్లను ఏటా ఏప్రిల్‌లో ఒకే విడతగా చేర్చుకునేవి, చేరితే రిటైరయ్యేదాకా అదే సంస్థ, వయసుతో పాటు జీతం. 1990ల మొదట్లో ఆస్తుల ధరలు కూలిపోయాక కంపెనీలు పాతవాళ్లను తీసేయడం మాని కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశాయి. సుమారు 1993 నుంచి 2005 మధ్య చదువు ముగించినవాళ్లను అక్కడ ‘ఉద్యోగాల మంచుయుగం’ తరం అంటారు. ఆ ఒక్క ఏప్రిల్ చేజారితే మళ్లీ ఆ తలుపు తెరుచుకోలేదు, ఎందుకంటే మరుసటి ఏడు తలుపు తెరిచేది ఆ ఏటి పట్టభద్రుల కోసం. తాత్కాలిక పనులతోనే నలభై దాటిపోయిన వాళ్లెందరో. 2019లో ప్రభుత్వం వాళ్ల కోసం మూడేళ్ల ప్రత్యేక కార్యక్రమం ప్రకటించింది, అప్పటికి పాతికేళ్లు గడిచాయి. ఈ మనుషులు రిస్క్ తీసుకోరు, ఆశ తక్కువ అని ఎవరైనా అంటే, అది వాళ్ల స్వభావమా?

ఇది ఒక్క దేశపు సంగతి కాదు. మాంద్యంలో డిగ్రీ చేతికి వచ్చినవాళ్ల జీతాలు ఏళ్ల తరబడి వెనకబడి ఉంటాయని అమెరికా, కెనడా రెండు చోట్లా ఆర్థికవేత్తలు చూపించారు. పావోలా జూలియానో, ఆంటోనియో స్పిలింబెర్గో ఇంకో మెట్టు లోపలికి వెళ్లారు: పద్దెనిమిదికీ ఇరవై అయిదుకీ మధ్య మాంద్యం చూసినవాళ్లు, కష్టం కన్నా అదృష్టం మీదే విజయం ఆధారపడుతుందని ఎక్కువగా నమ్ముతారు. ఇంతకన్నా పెద్ద వయసులో చూస్తే ప్రభావం అంతగా ఉండదు.

వయసు ఎంత ముఖ్యమో సమాజ శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ పరిశోధన చదివినప్పుడు నాకు తెలిసింది. 1930ల మహా మాంద్యాన్ని చూసిన కాలిఫోర్నియా పిల్లల్ని రెండు బృందాలుగా దశాబ్దాల పాటు గమనించిన రికార్డులు ఆయన చేతికి వచ్చాయి. ఓక్లాండ్ పిల్లలు 1920-21లో పుట్టారు, ఇల్లు చితికిపోయే నాటికి వాళ్లకు పదేళ్లు దాటాయి, చిన్నాచితకా పనులు చేసి ఇంటికి సాయపడ్డారు, చాలామంది గట్టిపడి పైకి వచ్చారు. బర్క్లీ పిల్లలు 1928-29లో పుట్టారు, ఆ కష్టం వచ్చేసరికి పసివాళ్లు, సాయపడే వయసు కాదు, తండ్రి కోపం, ఇంట్లో టెన్షన్ మాత్రం వాళ్ల దాకా వచ్చాయి. ముఖ్యంగా మగపిల్లలు చాలాకాలం కోలుకోలేదు. ఒకే ఆపద, పక్కపక్క ఊళ్లు, ఎనిమిదేళ్ల తేడా. మళ్లీ ఒకే బృందంలో కూడా ఆదాయం మూడో వంతుకు పైగా పోయిన ఇంటి పిల్లలకూ అంతగా పోని ఇంటి పిల్లలకూ తేడా కనిపించింది. పదిహేనేళ్ల వెడల్పు ఉన్న గడిలో ఇదంతా మాయమైపోతుంది.

లెక్కలవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇరవై రెండేళ్ల మనిషి ఇలా ఎందుకున్నాడు అంటే మూడు జవాబులు ఉండొచ్చు: వయసు అలాంటిది, కాలం అలాంటిది, పుట్టిన బృందం అలాంటిది. ఈ మూడింటినీ విడదీయడం చాలా కష్టం, ఎందుకంటే ఇప్పటి సంవత్సరంలోంచి వయసు తీసేస్తే పుట్టిన సంవత్సరం వచ్చేస్తుంది, రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే. ఒకే రోజు తీసిన సర్వేలో కుర్రవాళ్లనూ పెద్దవాళ్లనూ పక్కపక్కన పెట్టి ‘ఇదిగో తరాల తేడా’ అంటే అది తేలని మాట. ఉద్యోగాలు మారడమే చూడండి. 1957-64 మధ్య పుట్టిన అమెరికన్లను, అంటే విధేయులని పేరున్న బూమర్లనే, అక్కడి కార్మిక గణాంక సంస్థ 1979 నుంచి వెంబడిస్తోంది. పద్దెనిమిది నుంచి యాభై నాలుగేళ్ల లోపు వాళ్లు సగటున 12 ఉద్యోగాలు చేశారు, వాటిలో దాదాపు సగం ఇరవై అయిదు నిండకముందే. పడుచు వయసులో ఉద్యోగాలు మారడం అప్పుడూ ఉంది.

నిజంగా మారినవాటికి కూడా ఆధారాలు ఉన్నాయి, అవి దాచకూడదు. అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది పిల్లల్ని 1976, 1991, 2006లో అవే ప్రశ్నలు అడిగి పోల్చారు. అందరిదీ ఒకే వయసు కాబట్టి వయసు గొడవ లేదు. తీరిక సమయానికి ఇచ్చే విలువ పెరుగుతూ వచ్చింది, బతుకులో పనికి ఇచ్చే చోటు కొంత తగ్గింది. అయితే 2012లో తరాల తేడాల మీద చేసిన ఇరవై అధ్యయనాల్ని కలిపి లెక్కగడితే, ఉద్యోగ తృప్తి, విధేయత, మానేసే ఉద్దేశం, ఈ మూడింటిలోనూ తరాల తేడాలు ఓ మోస్తరువో చిన్నవో, చాలాచోట్ల సున్నాకు దగ్గర. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల కమిటీ కూడా ఉద్యోగుల నిర్వహణలో తరాల పేర్లను ఆధారం చేసుకోవద్దనే చెప్పింది.

పని వేళలు అయ్యాక ఫోన్ ఎత్తకపోవడం కొత్త పిల్లల అలవాటు అంటారు. 1886లో షికాగో కార్మికులు వీధుల్లోకి వచ్చింది ఎనిమిది గంటల పనిదినం కోసమే కదా. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం కూడా దాని గురించే. పని అయ్యాక మెయిల్ చూడక్కర్లేదనే హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరిలో అమల్లోకి వచ్చింది, అప్పటికి జెన్ జీలో అందరికన్నా పెద్దవాళ్లకు అప్పుడప్పుడే ఇరవై ఏళ్లు నిండుతున్నాయి. దాన్ని అడిగి సాధించింది వాళ్ల తల్లిదండ్రుల వయసువాళ్లు.

2021లో నూటయాభై మందికి పైగా జనాభా, సమాజ శాస్త్రవేత్తలు ఈ పేర్లు వాడటం ఆపమని ప్యూ సంస్థకు బహిరంగ లేఖ రాశారు. 2023లో ఆ సంస్థ ఇకపై తరాల పోలిక చేయాల్సి వస్తే ఒకే వయసులో ఉన్నప్పటి వివరాలు ఉంటేనే చేస్తామని, పాత పేర్లనే ప్రతిసారీ వాడబోమని చెప్పింది. పేర్లు పెట్టేవాళ్లు మాత్రం ఆగలేదు. 2025 నుంచి పుట్టే పిల్లలకు జెన్ బీటా అని పేరు ఇప్పటికే ప్రచారంలోకి వచ్చింది. ఆ పిల్లలు చదువు ముగించి పనిలో చేరేసరికి 2045 దాటుతుంది. వాళ్లకు ఎలాంటి కాంట్రాక్టు ఇవ్వాలో, ఎన్ని గంటలు పనిచేయించాలో నిర్ణయించే కుర్చీల్లో అప్పుడు కూర్చుని ఉండేది ఇవాళ జెన్ జీ అని మాటలు పడుతున్నవాళ్లే.