సైటేషన్లు లెక్కపెట్టే ముందు పేపరు తెరవండి

కె. లక్ష్మి అనే పరిశోధకురాలు తిరుపతిలో పోషకాహారం మీద పనిచేస్తున్నారనుకుందాం. కె అన్నది పుట్టింటివారి ఇంటిపేరు. పెళ్లయ్యాక అది పి అయింది. తొలి పరిశోధన పేపర్లలో లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో కేఎస్‌హెచ్‌తో రాశారు, తర్వాతి వాటిలో ఎక్స్‌తో. పేపర్ల వివరాలు నమోదుచేసే డేటాబేస్ లెక్కలో వీళ్లు ముగ్గురు మనుషులు. సైటేషన్లూ, అంటే ఇతరులు తమ పేపర్లలో వీళ్ల పేపర్లను ఉటంకించిన లెక్కా, మూడు చోట్ల చీలిపోతాయి. పేరు చివర రెడ్డి, నాయుడు ఉన్నవాళ్ల కష్టం దీనికి తలకిందులు. డేటాబేస్ ఆ చివరి మాటనే ఇంటిపేరనుకుని ముందున్నవన్నీ పొడి అక్షరాలు చేస్తుంది. అవే పొడి అక్షరాలున్న ఇంకో రెడ్డిగారి పేపర్లు వచ్చి ఈయన ఖాతాలో పడతాయి.

అందుకే ఎవరి అంకెలు చూసినా ముందు ఆ పేపర్లు వాళ్లవేనా అని చూడాలి. ఆహారం, మెదడు గురించి రాసే మనిషి జాబితాలో సిమెంటు గట్టిదనం మీద పేపరు కనిపిస్తే అది ఎవరిదో వచ్చి చేరిందన్నమాట. సంస్థ పేరు చూసి తేల్చుకుందామన్నా జాగ్రత్త అవసరం. శ్రీ వేంకటేశ్వర పేరుతో తిరుపతిలోనే విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, స్విమ్స్ ఉన్నాయి, ఢిల్లీలో ఒక కాలేజీ కూడా ఉంది. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల నంబరు ఈ చిక్కులకు మంచి మందు. పరిశోధనలో చేరిన రోజే తీసుకుని ప్రతి పేపరుకూ జతచేస్తే ఇంటిపేరు మారినా ఖాతా మారదు. ఖర్చేమీ లేదు. పీహెచ్‌డీ అయిపోయాక తీసుకుంటే పాత పేపర్లను ఒక్కొక్కటిగా వెతికి చేర్చుకోవాలి.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన కొలత ఇది. కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరు ఉంటే అది 6, ఏడేసి ఉన్నవి ఏడుంటే 7. లెక్క చేతితోనే వేయొచ్చు. ఒకరి తొమ్మిది పేపర్లకు వచ్చిన సైటేషన్లను పెద్ద అంకె నుంచి దిగుతూ రాస్తే 120, 64, 31, 18, 9, 7, 6, 3, 1 అనుకుందాం. ఆరో పేపరుకు 7 ఉన్నాయి, ఆరుకు తగ్గలేదు. ఏడో దానికి ఆరే ఉన్నాయి, ఏడుకు చాలలేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. పది, అంతకుమించి సైటేషన్లున్నవి నాలుగు, అంటే ఐ10-ఇండెక్స్ 4. ఇప్పుడు మొదటి పేపరుకు 120 బదులు 1,200 వచ్చాయనుకోండి. మొత్తం 259 నుంచి 1,339కి ఎగబాకుతుంది, హెచ్-ఇండెక్స్ మాత్రం ఆరు దగ్గరే ఉంటుంది. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్‌లు గూగుల్ స్కాలర్, స్కోపస్. అదే మనిషికి మొదటిదాంట్లో ఒక అంకె, రెండోదాంట్లో అంతకన్నా చిన్న అంకె కనిపిస్తే మోసమనుకోవద్దు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, పత్రికలో అచ్చుకాకముందే బయటపెట్టే ప్రీప్రింట్లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఇద్దరిని పోల్చేటప్పుడు ఒకే డేటాబేస్, ఒకే సర్వీసు కాలం ఉండాలి, లేకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

సైటేషన్లన్నీ ఒకే పేపరు మోస్తోందా అన్నది కూడా చూడాలి. మోస్తుంటే అది సొంత ప్రయోగమా, ఇతరుల పేపర్లను ఒకచోట కూర్చి చెప్పే సమీక్షా వ్యాసమా? సమీక్షలకు సైటేషన్లు సులువుగా వస్తాయి. అసలు పని చేసిన పది పేపర్ల బదులు అందరూ ఆ ఒక్క సమీక్షనే ఉటంకిస్తారు. సైటేషన్ పడని పని కూడా ఉంది. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి వేరుశనగ విత్తనాలు వేసే రైతు ఎక్కడా సైటేషన్ రాయడు.

పోషకాహారం, మెదడు అనే రంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఒకటుంది: ఊరికే గమనించడానికీ, ప్రయోగం చేయడానికీ మధ్య తేడా. మెదడు కోసమని రూపొందించిన మైండ్ డైట్ అనే ఆహార పద్ధతి కథ దానికి మంచి ఉదాహరణ. 2015లో షికాగోలోని రష్ యూనివర్సిటీకి చెందిన మార్తా క్లేర్ మోరిస్ బృందం 923 మంది పెద్దవాళ్లను సగటున నాలుగున్నరేళ్లు గమనించి, ఆకుకూరలు, గింజలు, బెర్రీలు, ముడిధాన్యాలతో కూడిన ఆ పద్ధతిని బాగా పాటించినవాళ్లలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా ఉందని రాసింది. ఎవరు ఏం తింటున్నారో గమనించారంతే. బాగా తినేవాళ్లు చదువులో, నడకలో, వైద్యం అందడంలో కూడా మిగతావాళ్లకన్నా మెరుగ్గా ఉండొచ్చు. వీటిని లెక్కలతో సర్దినా పూర్తిగా విడదీయలేం. 2023లో అదే పద్ధతిపై ప్రయోగ ఫలితం వచ్చింది. 604 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి మూడేళ్లు చూశారు. ఒక జట్టుకు మైండ్ డైట్, రెండో జట్టుకు మామూలు తిండే. రెండు జట్లకూ కొద్దిగా క్యాలరీలు తగ్గించారు. జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంట్లో సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, ఆకుకూర పప్పు తినడానికి వేరే మంచి కారణాలు చాలా ఉన్నాయి. 53 శాతాన్ని మాత్రం వాటికి అంటగట్టకూడదు.

సైటేషన్ అంటే మెచ్చుకోలే అనుకోకూడదు. తప్పుపట్టడానికి ఉటంకించినా ఒకటే లెక్క. అల్జీమర్స్‌పై 2006లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక పేపరుకు రెండు వేలకు పైగా సైటేషన్లున్నాయి. బొమ్మలను మార్చినట్టు తేలి 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. పేపరు పేరును, ఇలా వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో వెతకడానికి నిమిషం చాలు.

పేపరు తెరిచాక చూడాల్సింది ఎవరిపై చేశారు, ఎంత మోతాదు, ఎంతకాలం, దేనితో పోల్చారు అన్నవి. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫోలిక్ యాసిడ్ ప్రయోగాన్నే తీసుకోండి. ఏడు దేశాల్లో 1,817 మంది స్త్రీలపై చేశారు. శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళంలో లోపాలు 72 శాతం తగ్గాయి. కానీ అక్కడ ఇచ్చింది రోజుకు 4 మిల్లీగ్రాములు, అదీ అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు. మిగతా స్త్రీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 400 మైక్రోగ్రాములు, అందులో పదో వంతు. మందుల షాపుల్లో మామూలుగా దొరికే బిళ్ల 5 మిల్లీగ్రాములది, కాబట్టి ఎవరికి ఏది అన్నది డాక్టరుని అడిగే తేల్చుకోవాలి. ఆ నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ రోజులు చాలావరకు గడిచిపోయి ఉంటాయి. బిడ్డ కావాలనుకున్నప్పుడే బిళ్ల మొదలుపెట్టమనేది అందుకే.