కోబర్గ్ బొమ్మలు దేశానివైతే, నిజాం హారం ఎవరిది?

బ్రిటిష్ రాజకుటుంబం దగ్గరున్న కళాఖండాల్లో దేశానివి ఏవి, సొంతానివి ఏవి అన్న గొడవ మళ్లీ మొదలైంది. 2023లో గార్డియన్ పత్రిక రాజకుటుంబం సొంత ఆస్తులను తవ్వినప్పటి నుంచీ ఇది చల్లారడం లేదు. అసలు చిక్కు అర్థం కావాలంటే విండ్సర్ కోటలో ఉన్న కోబర్గ్ నీటిరంగుల బొమ్మలు చూస్తే చాలు.

బ్రిటన్ రాణి విక్టోరియా, ఆమె భర్త ఆల్బర్ట్‌ల కథ అందరికీ తెలిసిందే. 1845 ఆగస్టులో ఆమె తొలిసారి భర్త సొంతూరు, జర్మనీలోని కోబర్గ్ వెళ్లి, ఆయన పుట్టిన రోజెనావ్ భవనంలోనే దిగింది. తర్వాతి ఏళ్లలో ఫెర్డినాండ్ రోత్‌బార్ట్, మాక్స్ బ్రూక్నర్ లాంటి చిత్రకారుల చేత ఆ పరిసరాలు గీయించుకుంది. మనం పెళ్లి ఫొటోలు దాచుకున్నట్టే ఇలాంటి బొమ్మలన్నీ ఆల్బముల్లో పెట్టించుకుంది. పూర్తిగా ఇంటి వ్యవహారం. అయినా ఇవాళ రాజు చార్లెస్ వాటిలో ఒక్కటి కూడా అమ్ముకోలేడు.

దీనికి కారణం 1936లో దొరుకుతుంది. ఆ డిసెంబరులో ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకున్నాడు. రాజభవనాలు, వాటిలోని కళాసంపద కిరీటంతో పాటే తమ్ముడు ఆరో జార్జ్‌కు వచ్చేశాయి. బాల్మోరల్, శాండ్రింగ్‌హామ్ ఎస్టేట్లు మాత్రం రాలేదు. అవి ఎడ్వర్డ్ సొంతం కాబట్టి జార్జ్ డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. కిరీటం ఆస్తి వేరు, మనిషి ఆస్తి వేరు అన్నది దేశమంతా కళ్లారా చూసింది. అప్పుడే రెండు జాబితాలు రాసి పార్లమెంటు ముందు పెట్టాల్సింది. ఆ పని జరగలేదు.

దాని బదులు ఒక ఆనవాయితీ నిలిచింది. 1901లో విక్టోరియా చనిపోయేలోపు రాజులు, రాణులు సంపాదించినవన్నీ వారసత్వ సంపద, అమ్మకానికి వీల్లేదు. ఆ తర్వాత వచ్చిన వాటి సంగతే తేలలేదు. 1947లో ఎలిజబెత్ పెళ్లికి మన హైదరాబాద్ నిజాం కానుకగా ఇచ్చిన వజ్రాల హారం ఈ రెండో కోవలోకే వస్తుంది.

రాయల్ కలెక్షన్ అని పిలిచే ఈ రాజవంశ కళాసంపదను వారసుల కోసం, దేశం కోసం ట్రస్టుగా కాపాడుతున్నామని, ప్రభుత్వ సొమ్ము తీసుకోవడం లేదని రాజభవనం అంటుంది. అది నిజమే. 1992 విండ్సర్ అగ్నిప్రమాదం తర్వాత ఏర్పడిన రాయల్ కలెక్షన్ ట్రస్ట్ ప్రధానంగా టికెట్ల ఆదాయంతోనే నడుస్తోంది. వెలుతురుకు నీటిరంగులు వెలిసిపోతాయి కాబట్టి కోబర్గ్ బొమ్మలు ఎప్పుడూ గోడ మీద ఉంచలేరన్నదీ సబబే. 2019లో ఆల్బర్ట్ ద్విశతజయంతికి ఆయనకు సంబంధించిన వేల బొమ్మలు, కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టారు కూడా.

విమర్శకుల ప్రశ్న మాత్రం వేరు. ప్రభుత్వంతో 1993లో కుదిరిన ఒప్పందం ప్రకారం రాజు నుంచి రాజుకు దక్కే సొంత ఆస్తి మీద వారసత్వ పన్ను లేదు. అదే ఆస్తి మామూలు కుటుంబంలో చేతులు మారితే, మినహాయింపు పోను మిగతా దాని మీద 40 శాతం కట్టాలి. అంత పెద్ద వెసులుబాటు ఇచ్చిన జనానికి, ఆ ఆస్తి ఏమిటో తెలుసుకునే హక్కు లేదా? ఒక రాణి భర్త కోసం గీయించుకున్న బొమ్మలే దేశానివైనప్పుడు, 1901 తర్వాత వచ్చిన కానుకల పూర్తి జాబితా బయటపెట్టడానికి అభ్యంతరం ఏమిటో రాజభవనమే చెప్పాలి.