ఓస్లో ఆకాశంలో ఏడు గ్లాడియేటర్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

పాత విమానాలకు ఒకదానిపై ఒకటి రెండు రెక్కలు ఎందుకు ఉండేవని అడిగారు కదా. ఉత్త సూత్రం చెబితే రేపటికి మర్చిపోతారు. అందుకని నార్వే సంగతి రాస్తున్నాను.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ నార్వే కొన్ని విమానాలు సొంతంగానే తయారు చేసుకునేది. ఫైటర్లు, అంటే గాల్లో శత్రు విమానాలతో పోరాడేవి మాత్రం బ్రిటన్ నుంచి కొనుక్కుంది. వాటి పేరు గ్లోస్టర్ గ్లాడియేటర్. కొన్నవి 12 మాత్రమే. లోపల లోహపు చట్రం, దానిపై చాలావరకు బిగించి అంటించిన గుడ్డ. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య నిలువు కమ్మీలు, వాటి మధ్య ఏటవాలుగా లాగి కట్టిన తీగలు. రెండు రెక్కలూ ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి బరువు పెరగకుండానే గట్టిదనం వస్తుంది. రెక్కల వైశాల్యం ఎక్కువ కావడంతో తక్కువ వేగంలో కూడా విమానం తేలుతుంది, చిన్న చోటులోనే చటుక్కున మలుపు తిరుగుతుంది. చిక్కల్లా ఆ కమ్మీలూ తీగలూ గాలికి అడ్డం పడటమే. గ్లాడియేటర్ గంటకు 400 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయేది. జర్మనీవాళ్ల మెస్సర్‌ష్మిట్ 110 వేగం 500 దాటేది.

1940 ఏప్రిల్ 9 ఉదయం జర్మనీ నార్వే మీద పడింది. రాజధాని ఓస్లో పక్కనున్న ఫోర్నెబు విమానాశ్రయం నుంచి ఏడు గ్లాడియేటర్లు ఎదురెళ్లాయి. ఎదుట ఉన్నవాళ్లు ఎంతమందో తెలిసీ వెళ్లారు ఆ పైలట్లు! కొన్ని శత్రు విమానాలను కూల్చామని వాళ్లు చెప్పారు. తమవైపు ఒకటి గాల్లో కూలింది. పెట్రోలు, తూటాలు నింపుకోవడానికి దిగిన రెండింటిని శత్రువులు నేలమీదే కాల్చేశారు. మిగతా నాలుగూ గడ్డకట్టిన చెరువుల మీద దిగాయి.

పారాచూట్ దళాలను తెచ్చే జర్మన్ విమానాలు పొగమంచు వల్ల వెనక్కి మళ్లాయి. ముందే వచ్చిన మెస్సర్‌ష్మిట్లకు పెట్రోలు అయిపోవచ్చింది. తిరిగి వెళ్లే దారి లేక అవి ఫోర్నెబు రన్‌వే మీదే దిగిపోయాయి. ఇది చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

గ్లాడియేటర్లను డొక్కు విమానాలని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. లోపం వాటిది కాదు, కొత్తవి ఆలస్యంగా రావడంలో ఉంది. అమెరికా నుంచి తెప్పించిన కర్టిస్ హాక్ ఫైటర్లు ఆ రోజుకి ఓస్లో దగ్గరి షెల్లర్ విమానాశ్రయానికి చేరాయి గానీ ఒక్కటీ యుద్ధానికి సిద్ధంగా లేదు. ఆర్డరిచ్చిన మిగతావి నార్వేకి రానేలేదు. కెనడాలోని టొరంటోలో 'లిటిల్ నార్వే' పేరుతో పెట్టిన శిబిరానికి వెళ్లాయి. దేశం వదిలి వచ్చిన నార్వే కుర్రాళ్లు అక్కడే శిక్షణ పొందారు.

మీ తాతయ్య