ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు

లండన్‌లో వంశచరిత్ర వెతుక్కునేవాళ్ళకు పాత రికార్డులు చదివిపెట్టడం నా పని. వారానికి ఒక్కరైనా ఈ మాట అంటారు: "బానిసల చాకిరీతో యజమానులు గడించిన సొమ్మా? ఎప్పుడో హారతి కర్పూరమైపోయి ఉంటుంది. మూడు తరాలు దాటి ఏ ఆస్తి నిలిచింది గనక?"

నిలిచింది. 1833లో తన వలసల్లో చాలావాటిలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటన్ రెండు కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది. ప్రభుత్వ వార్షిక ఖర్చులో దాదాపు 40 శాతం. అదంతా యజమానులకే. బానిసలకు చిల్లిగవ్వ రాలేదు సరికదా, 1838 దాకా 'అప్రెంటిస్' పేరుతో జీతం లేని చాకిరీ తప్పలేదు.

ఆ పరిహారం రికార్డుల్లో క్లెయిము నంబరు, మనుషుల లెక్క, చివర పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు కనిపిస్తాయి. తోటల యజమాని జాన్ గ్లాడ్‌స్టన్ ఖాతాలన్నీ కలిపితే 2,508 మంది, 1,06,769 పౌండ్లు. కొడుకు విలియం ఈటన్ స్కూల్లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ఈ తండ్రి సంపాదనతోనే. 22 ఏళ్ళకే పార్లమెంటు సభ్యుడు. సభలో తొలి పెద్ద ప్రసంగం తండ్రి తోటలను వెనకేసుకొస్తూనే. తరువాత నాలుగుసార్లు ప్రధాని. ఆయనకు తెలివి లేదని నేననను. కానీ అంత తెలివి ఉన్న పిల్లలు ఆ తోటల్లో ఎందరో!

తరాలు దాటేది రొక్కం ఒక్కటే కాదు. చదువు, పెళ్ళి సంబంధం, పూచీ పడే పెద్దమనిషి కూడా దాటుతాయి. అమెరికా దక్షిణాది యజమానులకు 1865 తరువాత పరిహారమే రాలేదు. అయినా 1900 నాటికి వాళ్ళ కొడుకులు చాలామటుకు కోలుకున్నారని జనాభా లెక్కలు జతపరిచి చూసిన ఆర్థికవేత్తలు తేల్చారు.

యజమానులంటే ప్రభువులేనా? కాదు, ఒకరిద్దరు బానిసలున్న వితంతువులు, మతగురువులూ పరిహారం తీసుకున్నారు. మారిషస్ తోటల వాళ్ళకూ అందింది. తరువాత కోరంగి రేవులో ఓడలెక్కిన మన కూలీల్లో కొందరు వెళ్ళింది ఆ దీవికే. ఆ కథ మరోసారి.

ఇంటిపేరు కలిస్తే అదే రక్తమా? కంగారు పడకండి. విడుదలైన చాలామంది యజమాని ఇంటిపేరే పెట్టుకున్నారు. బానిసల రిజిస్టర్లలో తరచుగా ఒక్క పేరు, వయసు, పుట్టిన చోటు, అంతే. మొన్న చలికాలంలో జమైకా మూలాలున్న పెద్దావిడ ఒకరు యజమానుల పేర్లలో తన ఇంటిపేరు చూసి కాగితం మీద నుంచి చెయ్యి తీసేశారు. ఇదే చెప్పాను. కాసేపటికి తేరుకుని, "మరి అంత డబ్బు ఎవరు కట్టారు?" అన్నారు. ప్రభుత్వం కోటిన్నర పౌండ్లు అప్పు తెచ్చిందని, ఆ బాకీ పూర్తిగా తీరింది 2015లోనని చెప్పాను.

"ముప్ఫై ఏళ్ళు నర్సుగా పన్ను కట్టాను," అన్నారావిడ.

నేను ఇక్కడికి వచ్చింది 2009లో. నేనూ కట్టాను.